కదలని ఓమ్ కోసం

లోపల టంగ్‌స్టన్ తీగ ఉండే పాత రకం వంద వాట్ల బల్బు ఏ అటక మీదో దొరికితే, దాని నిరోధం మల్టీమీటర్‌తో కొలిచి చూడండి. సుమారు 40 ఓమ్‌లు చూపిస్తుంది. ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. 230 వోల్టుల దగ్గర 100 వాట్లు తీసుకునే బల్బుకి ఉండాల్సిన నిరోధం 529 ఓమ్‌లు. మీటరు చెప్పిన 40 ఓమ్‌లే పట్టుకుంటే ఆ బల్బు 1,300 వాట్ల పైన కరెంటు తాగాలి. మీటరు తప్పు చెప్పలేదు, లెక్కా తప్పలేదు. మీరు కొలిచింది గది వేడిమిలో ఉన్న తీగని. వెలిగినప్పుడు అది రెండున్నర వేల డిగ్రీల దాకా పోతుంది, నిరోధం పదమూడు రెట్లవుతుంది.

రాగిదీ అదే దారి. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే రాగి నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. సీలింగ్ ఫ్యాన్ వైండింగ్ 40 డిగ్రీలు వేడెక్కిందంటే దాని నిరోధం పదిహేను శాతానికి మించి పెరిగిపోయినట్టే. ఫ్యాన్‌కి దానితో పేచీ లేదు. పేచీ అంతా కొలిచే సాధనాలకి. మీ చేతిలోని మల్టీమీటర్ ఏ రెసిస్టర్‌నైనా తన లోపల దాచుకున్న మరో రెసిస్టర్‌తో పోల్చే ఇన్ని ఓమ్‌లని చెబుతుంది. ఆ లోపలిది వేడికి కదిలితే మీటరు చెప్పే ప్రతి మాటా కదులుతుంది. కాబట్టి ప్రపంచంలో ఎక్కడో ఒకచోట వేడికి కదలని రెసిస్టర్ ఉండాలి. లేదా, ఎంత కదులుతుందో మనకు తెలిసిన రెసిస్టర్ ఉండాలి. ఈ రెండోది ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చన్నదే ఈ అధ్యాయం.

ఈ పనిలో శాతాలు మరీ మోటు కొలత. ఇక్కడ వాడుక పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు. డిగ్రీకి ఎన్ని పీపీఎం మారుతుందో అదే ఆ రెసిస్టర్ ఉష్ణోగ్రత గుణకం. రాగిది డిగ్రీకి 3,900 పీపీఎం పైన. మామూలు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్‌ది 50 నుంచి 100. దాని ఒంటి మీద ఆరు రంగు పట్టీలుంటే ఆరోది చెప్పేది ఈ గుణకాన్నే: గోధుమ రంగైతే 100, ఎరుపైతే 50, నీలమైతే 10. నారింజ 15, పసుపు 25 అని మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి, ఆ వరసకి ఏ తర్కమూ కనిపించదు. ఖరీదైన రెసిస్టర్లలో ఈ అంకె 2కి, 1కి, ఇంకా లోపలికి దిగుతుంది. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌లో ఒక పీపీఎం అంటే ఓమ్‌లో నూరో వంతు. మనం పట్టుకోవాల్సింది ఆ నూరో వంతుని.

పంతొమ్మిదో శతాబ్దంలో నిరోధం కొలిచేవాళ్లు జర్మన్ సిల్వర్ తీగ వాడేవాళ్లు. ఇప్పుడు మన ఇళ్లలో పూజా సామగ్రిగా కనిపిస్తున్న జర్మన్ సిల్వర్ అదే. అందులో వెండి పిసరంత కూడా ఉండదు, ఉన్నది రాగి, నికెల్, జింకు. దాని గుణకం 300, 400 పీపీఎంల ప్రాంతంలో ఉంటుంది, రాగితో పోలిస్తే పదో వంతు. అంతకన్నా తగ్గదనే అప్పట్లో చాలామంది అనుకున్నారు. ఎడ్వర్డ్ వెస్టన్ అనుకోలేదు. ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో స్థిరపడి, కొలత సాధనాల తయారీలో తలమునకలైన మనిషి ఆయన. రాగిలో మాంగనీసు, కాస్త నికెల్ కలిపి 1880లలో ఆయన రాబట్టిన మిశ్రమమే మాంగనిన్. రాగిలో నికెల్‌ని భారీగా కలిపితే వచ్చిన ఇంకో మిశ్రమం కాన్‌స్టాంటన్. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఇత్తడి ప్లగ్గులు పీకి పెట్టే రెసిస్టెన్స్ బాక్స్ గుర్తుందా? దాని లోపల చుట్టలు చుట్టి ఉండేది సాధారణంగా మాంగనిన్ తీగే. మీటర్ బ్రిడ్జి మీద మీరు జాకీ ఆనించిన ఒక మీటరు తీగ కూడా ఈ కుటుంబానిదే.

స్వచ్ఛమైన లోహంలో ఎలక్ట్రాన్ల దారికి అడ్డు తగిలేది ప్రధానంగా పరమాణువుల కంపనం. వేడితో కంపనం పెరుగుతుంది, నిరోధమూ పెరుగుతుంది. మిశ్రమ లోహంలో వేరే జాతి పరమాణువులు ఎక్కడపడితే అక్కడ చొరబడి ఉంటాయి. ఎలక్ట్రాన్లు వాటిని ఢీకొని చెదరడం వేడితో పెద్దగా మారదు. నిరోధాన్ని ఇలా మారే భాగం, మారని భాగం అని రెండుగా విడదీసి చూడొచ్చని 1860లలో ఔగుస్టుస్ మథీసెన్ చూపించాడు. మిశ్రమంలో మారని భాగం కొండంత ఉంటుంది కాబట్టి మొత్తం మీద మార్పు చిన్నదిగా తేలుతుంది. మాంగనిన్‌లో ఇంకో విశేషం ఉంది. దాని నిరోధం వేడితో కొంతదాకా పెరిగి, ఒకచోట ఆగి, అక్కడి నుంచి తగ్గడం మొదలుపెడుతుంది. పాళ్లూ, తీగని కాల్చి మగ్గబెట్టే తీరూ కుదిరితే ఆ శిఖరం 25 డిగ్రీల దగ్గరికి వస్తుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో జేమ్స్ థామస్ 1930లలో రూపొందించిన ఒక ఓమ్ ప్రామాణిక రెసిస్టర్లు మాంగనిన్‌తో చేసినవే. వాటిని సరిగ్గా 25 డిగ్రీల నూనెలో ముంచి కొలిచేవాళ్లు.

శిఖరం మీద నిలబడి ఉన్నంతసేపు అంతా బాగుంటుంది. అక్కడి నుంచి దూరం జరిగేకొద్దీ మార్పు దూరం వర్గంతో పెరుగుతుంది, డిగ్రీల వర్గానికి సుమారు అర పీపీఎం చొప్పున. 20 డిగ్రీల యూరప్ గదిలో ఉంటే తగ్గేది 12 పీపీఎంలే. అదే చుట్టని మే నెలలో ఏసీ లేని విజయవాడ గదిలో 42 డిగ్రీల దగ్గర పెడితే 145 పీపీఎంల దాకా పడిపోతుంది. మాంగనిన్‌ని చల్లటి దేశాల గదులకి కొలిచి కుట్టారన్నమాట. మన వేసవికి అది సరిపోదు.

తర్వాతి పెద్ద మలుపు ఫెలిక్స్ జాండ్‌మన్‌ది. ఇప్పటి బెలారస్‌లోని గ్రోద్నో యూదు కుర్రాడు. నాజీల నుంచి తప్పించుకోవడానికి పుఖాల్‌స్కీ అనే పోలిష్ కుటుంబం ఇంట్లో, నేలకింద తవ్విన గోతిలో, మరికొందరితో కలిసి 17 నెలలు దాక్కున్నాడు. ఆ చీకట్లో మేనమామ అతనికి నోటితోనే గణితం చెప్పాడు. యుద్ధం అయ్యాక ఫ్రాన్సులో చదువుకుని, వస్తువుల్లో ఒత్తిడిని కొలిచే శాస్త్రంలో నిపుణుడై, అమెరికా చేరి, 1962లో విషే కంపెనీ పెట్టాడు. లిథువేనియాలో తన బంధువుల ఊరి పేరు అది.

ఒత్తిడి కొలిచేవాడు కాబట్టే ఆయనకి ఆ ఉపాయం తట్టింది. నికెల్, క్రోమియం మిశ్రమాన్ని కొన్ని మైక్రాన్ల మందం రేకుగా చేసి సిరామిక్ పలకకి అతికించాడు. వేడెక్కితే రేకు ఎక్కువ సాగాలనుకుంటుంది, సిరామిక్ తక్కువే సాగుతుంది, అతుకు రేకుని ఆపేస్తుంది. దాంతో రేకు నొక్కుకుపోతుంది. నొక్కితే నిరోధం తగ్గుతుంది. వేడికి సహజంగా పెరగాల్సినదీ, నొక్కుడుకి తగ్గాల్సినదీ సమానమైతే మిగిలేది దాదాపు సున్నా. బరువు తూచే లోడ్ సెల్‌లో కూడా ఇలాంటి లోహపు రేకే ఉంటుంది, కాకపోతే అక్కడ నొక్కినప్పుడు వచ్చే మార్పే మనకు కావలసినది. ఒక పరికరానికి ప్రాణమైన గుణాన్ని ఇంకో పరికరంలో రోగానికి మందుగా వాడడం నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే సంగతి. ఈ ఫాయిల్ రెసిస్టర్లలో మంచివి డిగ్రీకి 2 పీపీఎం లోపు ఉంటాయి. ధర చూస్తే మాత్రం ఒక్కొక్కటి వందల్లో, కొన్నయితే వేల రూపాయల్లో.

ఇక కొలత. డేటాషీట్‌లో ఇచ్చే అంకె ఆ రకం మొత్తానికి కంపెనీ ఇచ్చే హామీ. డిగ్రీకి 2 పీపీఎం లోపు అని రాసి ఉంటే మీ చేతిలో ఉన్నది ప్లస్ 1.8 కావొచ్చు, మైనస్ 0.3 కావొచ్చు. ఆ తేడా తెలిస్తే ఎంత ఉపయోగమో చూడండి. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి డిగ్రీకి మైనస్ 2 పీపీఎం అని తేలిందనుకుందాం. డిగ్రీకి 0.02 ఓమ్‌లు తగ్గుతోందన్నమాట. డిగ్రీకి 0.02 ఓమ్‌లు పెరిగే రాగి తీగని దానితో సిరీస్‌లో కలిపితే రెండూ రద్దవుతాయి. అంత పెరగడానికి కావలసిన రాగి నిరోధం 5.1 ఓమ్‌లు. మోటారు వైండింగ్ షాపులో దొరికే 42 గేజి ఎనామిల్ తీగ రెండు మీటర్ల పైచిలుకు చుట్టి రెసిస్టర్‌ని అంటిపెట్టుకునేలా అమర్చితే చాలు. వేలు పెట్టి కొనాల్సిన గుణం పది రూపాయల తీగతో వచ్చింది. కాకపోతే గుణకం ఎంతో, ఏ గుర్తో మీరు సొంతంగా కొలిచి ఉండాలి.

కొలుద్దామని కూర్చోగానే మొదటి చిక్కు మీటరుతోనే. హెచ్‌పీ 34401ఏ అనే ఆరున్నర అంకెల మీటరు ఈ అభిరుచి ఉన్నవాళ్ల బల్లల మీద సెకండ్‌హ్యాండ్‌లో తరచూ కనిపిస్తుంది. మంచి మీటరే. అయినా 10 కిలో ఓమ్‌ల రేంజిలో, క్యాలిబ్రేషన్ చేసిన ఉష్ణోగ్రతకి అయిదు డిగ్రీలు అటూ ఇటూ దాటితే, డిగ్రీకి 6 పీపీఎంల దాకా తానే మారొచ్చని దాని వివరణ పత్రమే చెబుతుంది. మన ఏసీ లేని గదులు ఏడాదిలో సగం రోజులు ఆ హద్దు అవతలే ఉంటాయి. డిగ్రీకి ఒక పీపీఎం కదిలే రెసిస్టర్‌ని ఆరు కదలగల మీటరుతో కొలిచి, ఫలితం రెసిస్టర్‌దని రాసుకోవడం అమాయకత్వం.

దీనికి విరుగుడు ఇంకా ఖరీదైన మీటరు కొనడం అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. విరుగుడు పోల్చడం. రెండు పళ్లేల త్రాసులో గాలి ఎటు వీచినా, కాడ కాస్త వంగినా రెండు పళ్లేలకూ సమానంగా తగిలినంతవరకు తూకం చెడదు. మనక్కూడా అలాంటి అమరిక కావాలి. కొలవాల్సిన రెసిస్టర్‌తో దాదాపు సమానమైన ఇంకో మంచి రెసిస్టర్ తీసుకుని ఉష్ణోగ్రత మారని చోట పెట్టండి. అదే మన ప్రామాణికం. రెండింటినీ సిరీస్‌లో కలిపి బ్యాటరీ తగిలించండి. రెండింటిలోనూ పారేది ఒకే కరెంటు. ఒక్కొక్కదాని మీద వోల్టేజి అదే మీటరుతో వరసగా చూసి, ఒకదానితో ఒకటి భాగించండి. కరెంటు ఎంతో తెలియనక్కర్లేదు. మీటరు స్కేలు వంద పీపీఎంలు ఎక్కువ చూపిస్తున్నా రెండు రీడింగులలోనూ ఎక్కువే చూపిస్తుంది, భాగహారంలో పోతుంది. రీడింగుల మధ్య బ్యాటరీ కాస్త దిగుతోందా? ముందు ప్రామాణికం, తర్వాత మనది, మళ్లీ ప్రామాణికం చదివి, మొదటిదానికీ మూడోదానికీ సగటు తీసుకోండి. నిలకడగా జారే ఏ జారుడైనా ఆ సగటులో చచ్చిపోతుంది.

ఇందులో ఒక చక్కని సంగతి దాగి ఉంది. వోల్టేజి కొలిచేటప్పుడు మామూలు మీటరుకి 10 మెగా ఓమ్‌ల సొంత నిరోధం ఉంటుంది. 10 కిలో ఓమ్‌ల జంటలో ఒకదానికి దాన్ని తగిలిస్తే వోల్టేజి 500 పీపీఎంలు పడిపోతుంది. పీపీఎంల కోసం కొట్టుకుంటున్నవాడికి ఇది గుండె జారే అంకె. కానీ మీటరుకి ఎదురయ్యే నిరోధం మొదటి రెసిస్టర్ దగ్గరైనా, రెండో దాని దగ్గరైనా ఆ రెండింటి సమాంతర ఫలితమే. బ్యాటరీ గట్టిదైతే అది రెండు చోట్లా అచ్చంగా ఒకటే. రెండు వోల్టేజీలూ ఒకే నిష్పత్తిలో పడతాయి, మన భాగఫలం చెక్కుచెదరదు.

డబ్బు ఇంకా తక్కువుంటే ఇంకో దారి ఉంది. నాలుగు రెసిస్టర్లని వీట్‌స్టన్ బ్రిడ్జిగా కట్టి, మధ్యలో మిగిలే మైక్రోవోల్టులని చదవడం. ఈ బ్రిడ్జిని 1833లో కనిపెట్టినది శామ్యూల్ హంటర్ క్రిస్టీ, పదేళ్ల తర్వాత ప్రచారం చేసిన వీట్‌స్టన్ పేరు దానికి నిలిచిపోయింది. బ్రిడ్జికి 5 వోల్టులు ఇస్తే ఒక చేతిలో, అంటే ఆ నాలుగు రెసిస్టర్లలో ఒకదానిలో, ఒక పీపీఎం మార్పుకి 1.25 మైక్రోవోల్టులు వస్తాయి. అంత చిన్నవాటిని చదివే చిప్ ఏదో ప్రయోగశాలలో వెతకనక్కర్లేదు, చవక రకం ఎలక్ట్రానిక్ కాటాల్లో ఉంటుంది. దాని పేరు హెచ్‌ఎక్స్711. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనో కాఫీ ఖర్చుకి కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. దాని సొంత గోల ఒక మైక్రోవోల్టులో ఇరవయ్యో వంతు, అంటే మన లెక్కలో 0.04 పీపీఎం. బ్రిడ్జికి ఇచ్చే వోల్టేజినే తన కొలబద్దగా వాడుకుంటుంది కాబట్టి సప్లయి ఊగినా కాటా తప్పదు. తక్కువ నిరోధం ఉన్న లోడ్ సెల్ కోసం తయారైన చిప్ కాబట్టి ఒక కిలో ఓమ్ చేతులతో బాగా పనిచేస్తుంది. మిగిలిన మూడు చేతులనీ మాత్రం ఉష్ణోగ్రత కదలని చోట ఉంచాలి. లేకపోతే ఎవరు కదిలారో తెలియదు.

మీటర్ బ్రిడ్జి ప్రయోగంలో ఎడమ ఖాళీలో రెసిస్టెన్స్ బాక్సు, కుడి ఖాళీలో తెలియని తీగ పెట్టి రీడింగు తీశాక, రెండింటినీ అటూ ఇటూ మార్చి మళ్లీ తీయమని లెక్చరర్లు చెప్పేది ఎందుకో మార్కుల తొందరలో చాలామంది పట్టించుకోరు. తీగ చివర్లలో ఉండే దోషం ఒకసారి అటు, ఒకసారి ఇటు లాగి సగటులో రద్దవుతుందనే. ఇక్కడా అదే పని. మన రెసిస్టర్‌నీ ప్రామాణికాన్నీ స్థానాలు మార్చితే వాటి తేడా గుర్తు మారుతుంది. చిప్‌లోని దోషం, మిగిలిన రెండు చేతుల మధ్య తేడా మాత్రం గుర్తు మారవు. రెండు రీడింగుల తేడాలో సగం తీసుకుంటే రెసిస్టర్ల మాట ఒక్కటే మిగులుతుంది. జాతీయ ప్రయోగశాలల్లో కూడా పద్ధతి ఇదే కుటుంబానిది. 1980లో ఫాన్ క్లిట్‌జింగ్ కనిపెట్టిన క్వాంటం హాల్ ప్రభావంతో 25,812.807 ఓమ్‌ల దగ్గర నిజంగానే కదలని నిరోధం దొరికింది, కానీ అది ద్రవ హీలియం చలిలోనే దొరుకుతుంది. బయట బల్ల మీది రెసిస్టర్‌ని దానితో పోల్చాల్సిందే.

కొలతలోకి చెప్పాపెట్టకుండా దూరే దోషాలు ఇంకా ఉన్నాయి. మొదటిది రాగి తీగే. మీటరు తీగలు 0.1 ఓమ్ ఉన్నాయనుకోండి. 10 కిలో ఓమ్‌ల దగ్గర అది లెక్కలోకి రాదు. 100 ఓమ్‌ల రెసిస్టర్ దగ్గర అది వెయ్యి పీపీఎంలు, రాగి కాబట్టి డిగ్రీకి 4 పీపీఎంలు మారుతుంది. కాబట్టి కరెంటు ఇచ్చే తీగలు వేరు, వోల్టేజి చూసే తీగలు వేరు, మొత్తం నాలుగు ఉండాలి. ఒక ఓమ్ రెసిస్టర్‌కి దాని సొంత కాలు కూడా శత్రువే: ఒక సెంటీమీటరు రాగి కాలు డిగ్రీకి 2 పీపీఎంలకు పైగా కలుపుతుంది. చివరికి బోర్డు మీద ఎక్కడ సోల్డర్ చేస్తారో అక్కడే పట్టుకుని కొలవాలి. రెండోది సీబెక్ 1821లో గమనించిన వోల్టేజి. రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోట్ల వేడి తేడా ఉంటే కరెంటు లేకుండానే మైక్రోవోల్టులు పుడతాయి. సీలు వేసిన కొన్ని రెసిస్టర్ల కాళ్లు కోవార్ అనే మిశ్రమంతో ఉంటాయి. రాగితో కలిసిన చోట అది డిగ్రీకి 40 మైక్రోవోల్టుల దాకా పుట్టిస్తుంది. రెండు కాళ్ల మధ్య డిగ్రీలో పదో వంతు తేడా ఉంటే 4 మైక్రోవోల్టులు, మన బ్రిడ్జి లెక్కలో మూడు పీపీఎంల పైన. రెండు కాళ్లనీ ఒకే లోహపు దిమ్మకి ఆనించండి, వీలైతే కరెంటు దిశ తిప్పి సగటు తీయండి.

మూడోది మన వాతావరణంలో అన్నిటికన్నా మొండిది, తేమ. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కి పక్కగా బోర్డు మీద 10 గిగా ఓమ్‌ల లీకేజీ ఉంటే తప్పు ఒక పీపీఎం. అదే లీకేజీ ఒక మెగా ఓమ్ రెసిస్టర్‌కి వంద పీపీఎంలు. తుడవని ఫ్లక్సు, వేలిముద్రల ఉప్పు వానాకాలంలో నీళ్లు పట్టి ఈ పని చేస్తాయి. ఇది చాలదన్నట్టు, ఎపాక్సీ పోత పోసిన రెసిస్టర్ల ఒళ్లు గాలిలోని తేమని పీల్చి ఉబ్బుతుంది, లోపలి రేకుని నొక్కుతుంది. ఆ మార్పు రోజుల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. మీరు వేడి చేసినప్పుడు తేమ బయటికి పోతుంది, నిరోధం కదులుతుంది, మీరేమో అది ఉష్ణోగ్రత పని అనుకుంటారు.

వేడి, చలి ఇవ్వడానికి పెల్టియర్ పలక సుఖం. కరెంటు ఒక దిశలో ఇస్తే చల్లబరుస్తుంది, తిప్పి ఇస్తే వేడిచేస్తుంది. దాని మీద అల్యూమినియం దిమ్మ, దిమ్మలో రెసిస్టర్, పక్కనే వేడిమిని కొలిచే థర్మిస్టర్, చుట్టూ థర్మోకోల్ పెట్టె. విదేశీ పుస్తకాలు 10 డిగ్రీల నుంచి మొదలుపెట్టమంటాయి. ఆగస్టులో విశాఖలోనో కాకినాడలోనో ఆ మాట విన్నారో, దిమ్మ మీద నీళ్లు కారతాయి. అక్కడ వానాకాలపు గాలి తుషార స్థానం 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది, అంతకన్నా చల్లబరిచిన ప్రతిదాని మీదా తేమ దిగుతుంది. పెట్టెలో సిలికా జెల్ పెట్టి మూత బిగించండి, లేదా 28 నుంచి 48 డిగ్రీల మధ్య కొలవండి. ఎలాగూ మీ పరికరం బతికేది ఆ వేడిలోనే.

థర్మామీటరు గురించి మరీ దిగులు వద్దు. మనకు కావలసింది ఎన్ని డిగ్రీలు మారిందన్న సంగతి. 20 డిగ్రీల మార్పులో అర డిగ్రీ తప్పు చూపిస్తే గుణకంలో వచ్చే దోషం రెండున్నర శాతం, అంటే డిగ్రీకి 1 పీపీఎం అన్నది 1.025 అవుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఖచ్చితత్వం కోసం ఖర్చుపెట్టేవాళ్లు తరచూ ఇక్కడ పెట్టి, ప్రామాణిక రెసిస్టర్‌ని కిటికీ పక్కన వదిలేస్తారు.

అసలు ఓపిక కావలసింది వేగం విషయంలో. దిమ్మ వేడెక్కగానే థర్మిస్టర్‌కి తెలుస్తుంది, రెసిస్టర్ లోపలి రేకుకి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. ఆ ఆలస్యం ఒక నిమిషమనుకుందాం. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున ఎక్కిస్తే రెసిస్టర్ ఎప్పుడూ ఒక డిగ్రీ వెనకబడి ఉంటుంది. దించేటప్పుడు ఒక డిగ్రీ ఎక్కువ వేడిగా ఉంటుంది. డిగ్రీకి 5 పీపీఎం రెసిస్టర్ అయితే గ్రాఫులో ఎక్కే గీతకీ దిగే గీతకీ మధ్య 10 పీపీఎంల సందు కనిపిస్తుంది. వేగాన్ని నిమిషానికి 0.1 డిగ్రీకి తగ్గిస్తే సందు ఒక పీపీఎంకి కుంచించుకుపోతుంది. 20 డిగ్రీలు ఎక్కడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది, దిగడానికి మళ్లీ అంతే. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి కంప్యూటర్‌కి అప్పగించేయడం మేలు.

ఆ సందు చెప్పే కబుర్లు చాలా ఉన్నాయి. వేగం తగ్గిస్తే సన్నబడిందా, అది వట్టి ఆలస్యం, మధ్యగా గీసిన గీత వాలు నిజమైన గుణకం. ఎంత నిదానంగా వెళ్లినా సందు అలాగే ఉండి, ఎక్కే గీతా దిగే గీతా కలిసి అయ్యే ఉచ్చు మళ్లీ మొదటి బిందువు దగ్గరే మూసుకుంటోందా, రెసిస్టర్ లోపలి అతుకులో, పూతలో వేడి జ్ఞాపకం మిగులుతోందన్నమాట. ఉచ్చు మూసుకోకుండా మొదలైన చోటికి పైనో కిందో ఆగిందా, తేమ పోయింది, లేదా రెసిస్టర్ ముసలిదవుతోంది, లేదా మీ ప్రామాణికమే కదిలింది. రెండో చుట్టు వేస్తే చాలావరకు తేలిపోతుంది. తేమ అయితే రెండో ఉచ్చు మొదటిదాని కన్నా మెరుగ్గా మూసుకుంటుంది. ప్రామాణికమైతే గది ఉష్ణోగ్రతతో పాటు ఊగుతూ కనిపిస్తుంది. అందుకే పెట్టె బయట కూడా ఒక థర్మిస్టర్ పెట్టి గది వేడిమిని రాసుకుంటూ ఉండాలి. ఇంత సమాచారం ఇచ్చే గ్రాఫుని ఒక సగటు అంకెగా నలిపేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

నలపడంలో పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. చాలా డేటాషీట్లు రెండు చివరి ఉష్ణోగ్రతల దగ్గర నిరోధం కొలిచి, తేడాని డిగ్రీలతో భాగించి గుణకం అంటాయి. మాంగనిన్ చుట్టకి శిఖరం 25 డిగ్రీల దగ్గర ఉందనుకుని, 15 దగ్గర ఒకసారి, 35 దగ్గర ఒకసారి కొలవండి. రెండూ శిఖరానికి పది డిగ్రీల దూరమే, రెండు చోట్లా 50 పీపీఎంలు తక్కువ. తేడా సున్నా, గుణకమూ సున్నా. ఆ కాగితం నమ్మి 25 దగ్గర సరిచేసిన పరికరాన్ని 35 డిగ్రీల గదిలో పెట్టినవాడికి 50 పీపీఎంల దెబ్బ తగులుతుంది. కనీసం మూడు ఉష్ణోగ్రతల దగ్గర కొలవనిదే వంపు కనిపించదు. పది పన్నెండు బిందువులు పెట్టి వాలు ఒకటి, వంపు ఒకటి అని రెండు అంకెలు రాబట్టడం మంచిది. మామూలు స్ప్రెడ్‌షీట్ ఆ పని క్షణంలో చేస్తుంది.

మొదటి కొలతకి మాత్రం ఫాయిల్ రెసిస్టర్ కొనకండి. రూపాయి ఖరీదు చేసే 50 పీపీఎం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, ఒకే రకం, ఒకే పట్టీ నుంచి కత్తిరించినవి, నాలుగైదు తీసుకుని ఒక్కొక్కదాన్నీ కొలవండి. అంత పెద్ద మార్పుని తడబడకుండా, ఎక్కే గీతా దిగే గీతా ఒకదాని మీద ఒకటి పడేలా కొలవగలిగితే అప్పుడు 10కి, ఆ తర్వాత 2కి దిగండి. ఫలితం రాసేటప్పుడు గుణకంతో పాటు ఏ డిగ్రీ నుంచి ఏ డిగ్రీ దాకా, ఎంత వేగంతో, రెండు గీతల మధ్య సందు ఎంతో కూడా పక్కనే రాయండి. ఆ వివరాలుంటేనే ఇంకో ఊళ్లో ఇంకొకరు అదే రెసిస్టర్‌ని కొలిచి మీ అంకెని సరిచూడగలరు.